సాక్ష్యంలో లేని బీడీలు

మా పత్రికలో అందరూ మొదట తెరిచేది సాక్ష్యం పేజీ. నేను ఇంగ్లీషు నుంచి తెలుగు చేసిన పాఠాలు ఎవరు చదివారో, ఎవరు పక్కన పెట్టారో నాకు తెలియదు. ఆ ఒక్క పేజీని మాత్రం చూపు ఆనని ముసలమ్మలు కూడా పక్కవాళ్ళ చేత చదివించుకుంటారు. ఒక మనిషికి కష్టం వచ్చింది, విశ్వాసం వదల్లేదు, దేవుడు దీవించాడు. ప్రతి నెలా అదే కథ, మనుషులు మాత్రం వేరు. ఇరవై ఏళ్ళకు పైగా ఆ పేజీని తయారు చేసింది నేనే. అందుకే చెబుతున్నాను, అందులో సగం నా కత్తిరింపులు.

మేము క్రైస్తవుల్లో అడ్వెంటిస్టులం. శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం పొద్దుగూకేదాకా పని ముట్టుకోం. మా చుట్టుపక్కల సంఘాలకు నెలకోసారి వెళ్ళే ఆ చిన్న పత్రికకు నేను సంపాదకురాలిని. వ్యాసాలు రాసేది నేను, వచ్చిన ఉత్తరాలు దిద్దేది నేను, జగిత్యాలలో మా వంటింట్లో కూరగాయల పీట పక్కకు జరిపి ప్రూఫులు చూసేది నేను, వాటిని సంచిలో పెట్టుకొని బస్సెక్కి కోరుట్లలో ప్రెస్సుకు చేర్చేదీ నేనే. నా మీద ఒక కమిటీ ఉండేది. అందులో అందరూ మగవాళ్ళే. పత్రిక వచ్చాక ఎవరి ఫొటో ఎంత పెద్దగా పడిందో చూడడం వాళ్ళు చేసే పని.

నాకు ఈ పని నేర్పిన పెద్ద పాస్టరుగారు మొదటి రోజే ఒక మాట చెప్పారు. "చివర్ల దీవెన లేకుంటే అది సాక్ష్యం కాదు బిడ్డా, ఫిర్యాదు" అన్నారు. ఆ మాటను నేను ఎంత భక్తిగా పట్టుకున్నానంటే, ఎవరి ఉత్తరం వచ్చినా ముందు ఆఖరి పేజీ తిప్పి చూసేదాన్ని. దీవెన ఉంటే సరే. లేకపోతే వెతికి పెట్టేదాన్ని. కొడిమ్యాల నుంచి ఒకామె తన జ్వరం తగ్గిందని నాలుగు పేజీలు రాసి, అందులో మూడు పేజీలు అత్తను తిట్టింది. అత్తను తీసేసి జ్వరం ఉంచాను. అది తలుచుకొని చాలా రోజులు నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

బీడీల సంగతి చెప్పాలి. మా జిల్లాల్లో ఆడవాళ్ళకు బీడీలు చేయడం అన్నం వండుకోవడం లాంటిదే. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారం ఉండ. మాట్లాడుతూనే ఉంటారు, చేతులు తమ పని తాము చేసుకుపోతుంటాయి. మా సంఘానికి పొగాకు పనికిరాదు. తాగడం ఒక్కటే కాదు, చేయడమూ అమ్మడమూ కూడా తప్పే. కాబట్టి మా దగ్గర ఆడమనిషి బాప్తిస్మం తీసుకోవాలంటే ముందు ఒళ్ళోని చాట కింద పెట్టాలి. మగవాడు బీడీ తాగడం మానేస్తే వాడి చేతి ఖర్చు మిగులుతుంది. ఆడది బీడీలు చేయడం మానేస్తే ఇంట్లో కూర పోతుంది. ఇంత చిన్న తేడాను ఇన్నేళ్ళలో ఒక్క వ్యాసంలోనైనా నేను రాయలేదు.

రాయకపోవడమే కాదు, ఎదురు రాశాను. గొల్లపల్లి దగ్గర మా ఊళ్ళో గుంటెడు భూమి కూడా లేని ఇల్లు మాది. మా అమ్మ కూడా అలాగే చాట కింద పెట్టింది. పత్రికలో పడిన నా మొదటి వ్యాసం దాని గురించే. మా అమ్మ నవ్వుతూ ఆ పని మానేసింది అని రాశాను. అమ్మ నవ్వలేదు. కత్తెరనూ, ఆకు కొలిచి కోసే రేకుముక్కనూ పక్కింటామెకు ఇచ్చేసి, వచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. తెల్లారి నాట్లకు పోయింది. మోకాళ్ళు పనికిరాకుండా అయ్యేదాకా పోయింది. ఆ వ్యాసం బాగుందనే నన్ను పత్రికలోకి తీసుకున్నారు. అమ్మకు చదువు రాదు కాబట్టి నేనేం రాశానో ఆమెకు తెలియకుండానే పోయింది.

ఇక సిరిసిల్ల అతని విషయం. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. వాళ్ళ తాతకు సొంత చేతిమగ్గం ఉండేది, తండ్రికి సొంత సాంచాలు ఉండేవి, ఇతను ఏమీ లేక ఒక ఆసామి దగ్గర, అంటే సాంచాల యజమాని దగ్గర, ఎనిమిది సాంచాలు నడిపేవాడు. పోస్టులో వచ్చే బైబిలు పాఠాలు చదివి మా సంఘంలోకి వచ్చాడు. భార్యా అతనూ ఒకే రోజు బాప్తిస్మం తీసుకున్నారు. ఆమెది కోనరావుపేట దిక్కు కూలీ కుటుంబం. చిన్నప్పటి నుంచి చేస్తున్న బీడీలను ఆమె ఆ రోజు కోసం మానేసింది.

తర్వాత అతను శనివారం సాంచాలు నడపనన్నాడు. అది సర్కారు చీరల ఆర్డరు వచ్చిన కాలం, సిరిసిల్లలో సాంచాల చప్పుడు ఆగని కాలం. ఆసామి రావద్దన్నాడు. కోరుట్లలో మా సంఘాల మూడు రోజుల కూడికలు జరిగినప్పుడు అతను నా దగ్గరికి వచ్చి, కూతురి నోటుబుక్కులోంచి చింపిన కాగితాలు చేతిలో పెట్టాడు. చక్కగా రాశాడు. మాట్లాడినట్టే రాశాడు. ఒక ముక్క నాకు ఇప్పటికీ కంఠతా ఉంది. "నాలుగు నెలలు నాకు సాంచ దొరకలె. నా భార్య బాప్తిస్మంకు ముందు ఇడ్సిపెట్టిన బీడీలు మల్ల వట్టుకున్నది. ఆమె చాట మీదనే నేను, నా బిడ్డ బతికినం. దేవుని తర్వాత ఆమెకే నా వందనాలు."

చదివి ఏడ్చాను. ఏడ్చి, కళ్ళు తుడుచుకొని, ఎర్ర పెన్ను తీసుకొని ఆ ముక్క కొట్టేశాను. పొగాకు పని చేసి బతికామని మా పత్రికలో ఎలా వేస్తాను? దాని స్థానంలో నేను రాసిన వాక్యం ఇది. "ఆ నాలుగు నెలలు మా ఇంట పొయ్యి ఆరలేదు. ఎలా మండిందో ప్రభువుకే తెలుసు." ఆ వాక్యం కుదిరినందుకు ఆ సాయంత్రం నాకు గర్వంగా కూడా ఉంది. చివరకు ఇంకో ఆసామి అతనికి నాలుగు సాంచాలు ఇచ్చి, శనివారం మానుకోమన్నాడు. ముందున్నది ఎనిమిది, ఇప్పుడు నాలుగు. దాన్ని ఇంతకు ముందు కన్నా మంచి పని అని రాశాను. ప్రూఫు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే అతను దండం బొమ్మ పెట్టాడు. ఒప్పుకున్నాడని ముద్రణకు ఇచ్చేశాను.

ఆ సంచిక వచ్చాక అతన్ని పిలవని సంఘం లేదు. జగిత్యాలలో మా సంఘంలోనూ ఒక శనివారం పాఠానికి ముందు నిలబడి చెప్పాడు. నేను ముందు బెంచీలో కూర్చొని విన్నాను. నోటుబుక్కులో ఉన్నట్టు చెప్పలేదు. నేను రాసినట్టు చెప్పాడు. "ఎట్ల మండిందో ప్రభువుకే ఎర్క" అనగానే అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను.

తర్వాతి వారం అతని భార్య ఫోను చేసింది. వందనాలు చెప్పింది, అన్నం తిన్నావా అక్కా అని అడిగింది, ఆ తర్వాత తిన్నగా విషయానికి వచ్చింది.

"మా బిడ్డతోని పుస్తకం సదివిచ్చుకున్న. అండ్ల నా బీడీలు లెవ్వు."

పత్రిక నియమాలని, పొగాకని ఏదేదో నీళ్ళు నమిలాను. ఆమె అంతా విన్నది.

"అక్కా, గా నాలుగు నెలలు పొయ్యి ఎట్ల మండిందో ప్రభువుకే తెలుసని రాసినవ్. నాకు తెల్వదా?"

ఆమె గొంతులో ఏడుపు లేదు, అరుపు లేదు. అడగాల్సింది అడిగింది, అంతే. ఫోను పెట్టేశాక నాకు ఒళ్ళు మండింది. ముందు ఆమె మీద. ఇంత మంచి సాక్ష్యం వచ్చిందని సంతోషించక బీడీలు బీడీలంటుందేమిటని. ఆ కోపం మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. పప్పు పొయ్యి మీద పెట్టి మా అమ్మ గుర్తొచ్చి అక్కడే నిలబడిపోయాను. పప్పు మాడింది.

మళ్ళీ ఫోను చేశాను. అప్పుడు అసలు సంగతి తెలిసింది. భర్తకు పేరొచ్చాక ఇంటికి వచ్చిపోయే విశ్వాసులు ఎక్కువయ్యారు. ఎవరో ఆమె ఒళ్ళో చాట చూశారు. నాలుగు సాంచాలతో ఇల్లు నడవక ఆమె బీడీలు ఆపలేదు. మాట సంఘపెద్ద దాకా వెళ్ళింది. సాక్ష్యం చెప్పే మనిషి ఇంట్లో తంబాకు ఏమిటని అడిగారు. మానేస్తావా అంటే, మా ఆయనకు ఎనిమిది సాంచాలు దొరికిన నాడు మానేస్తానంది. ఆమె పేరు సంఘపు పుస్తకంలోంచి తీసేయడానికి రెండు వారాల తర్వాతి ఆదివారం సమావేశం పెట్టారు. పేరు తీసేస్తే ప్రభురాత్రి భోజనానికి ముందు ఒకరి కాళ్ళు ఒకరు కడిగే చోట ఆమె పక్కన కూర్చునే వాళ్ళుండరు. పుట్టింటివాళ్ళు మతం మారిందని ముందే వదిలేశారు. ఆమెకు మిగిలింది ఆ సంఘమే. ఇంకో ఆడమనిషి తన కాళ్ళు కడిగింది ఆ సంఘంలోనేనని ఆమె నాతో ఒకసారి అన్నది.

నేను ఆ రోజే కూర్చొని ఒక పేజీ రాశాను. అతని సాక్ష్యంలో నేను ఏం తీసేశానో, ఆ ఇల్లు ఎవరి చేతుల మీద బతికిందో ఉన్నదున్నట్టు రాశాను. కోరుట్లకు వెళ్ళి కంపోజు చేయించాను. పేజీ తయారై కంప్యూటరు మీద కనిపిస్తుండగానే కమిటీ పెద్దాయన ఫోను వచ్చింది. ప్రెస్సులో ఎవరో చెప్పి ఉంటారు.

"అక్కా, గా పేజీ ఆపున్రి."

"ఎందుకయ్యగారు? అందులో అబద్ధం ఒక్కటి లేదు."

"అబద్ధమని ఎవలన్నరు? గిప్పుడు దిద్దినమని వేస్తే, ఇన్నేండ్ల సంది వేసిన సాక్ష్యాలు గూడ గిట్లనేనా అని అడుగుతరు. ఏం జెప్తం?"

గిట్లనే అని చెబుదాం అనాల్సింది. నోటి దాకా వచ్చింది. అనలేదు. పత్రిక పోతుందని భయం, నా చేతిలోంచి పోతుందని ఇంకా భయం. ఆ పేజీ తీసేయించాను. ఖాళీ వదలకూడదు కాబట్టి ఆరోగ్య శీర్షిక కింద రాగిజావ చేసే విధానం పెట్టించాను. ఒక ఆడమనిషి కోసం రాసిన పేజీలో రాగిజావ. ఉండలు కట్టకుండా కలపాలని కూడా రాశాను. ఆ సంచిక ఇంట్లో ఎక్కడ కనబడినా నాకు చింపేయాలనిపిస్తుంది.

పత్రికలో వేయలేకపోయినా నోటితో చెబుదామని ఆ ఆదివారం పొద్దున్నే సిరిసిల్ల వెళ్ళాను. రేకుల కప్పున్న హాలు. పక్క సందులోంచి సాంచాల చప్పుడు వస్తూనే ఉంది. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు. ఆమె ఆడవాళ్ళ వరుసలో చివర కూర్చుంది, కూతుర్ని తీసుకురాలేదు. భర్త మగవాళ్ళలో మొదటి వరుసలో ఉన్నాడు, ఎందుకంటే ఇప్పుడు అతన్ని ఎక్కడైనా మొదటి వరుసలోనే కూర్చోబెడుతున్నారు. పాస్టరుగారు ప్రార్థన చేసి, కూర్చొని, సంఘపెద్దకు అప్పగించారు. ఆ సంఘపెద్ద తల్లి బీడీలు చేసేవాళ్ళకిచ్చే సర్కారు పింఛను తీసుకుంటున్నదని ఆ హాల్లో అందరికీ తెలుసు. అది ఎవరూ ఎత్తలేదు.

ఆయన చేతిలో మా పత్రిక ఉంది. నేను రాసిన పేజీ తెరిచి పట్టుకున్నాడు.

"గిది మన పత్రికనే గదా. ఇండ్ల ఏమున్నది? 'ఆ నాలుగు నెలలు మా ఇంట పొయ్యి ఆరలేదు. ఎలా మండిందో ప్రభువుకే తెలుసు' అని ఉన్నది. అంటే ప్రభువే పోషించిండు. ప్రభువు పోషిస్తుంటే చెల్లె బీడీలు ఎందుకు జేసింది? కడుపు నిండంగ గూడ జేసిందంటే గది ఆశనే గదా?"

నా వాక్యం. నేను గర్వపడిన వాక్యం. దాన్ని ఆమె మెడకు చుట్టడానికి ఆయన ఒక్క అక్షరం కూడా మార్చాల్సిన పని లేకపోయింది. లేచి నిలబడ్డాను. నేను ఆ సంఘం సభ్యురాలిని కాదు, నాకు ఓటు లేదు. మాట్లాడనిమ్మని అడిగాను. ఆ పొయ్యి ఆమె బీడీల మీదే మండిందని, ఆమె భర్త తన చేత్తో అలాగే రాసిచ్చాడని, ఆ ముక్క కొట్టేసింది నేనేనని చెప్పాను.

సంఘపెద్దకు కోపం రాలేదు. నెమ్మదిగానే అడిగాడు.

"అంటే పుస్తకంల ఉన్నది అబద్ధమా అక్కా? మరి అన్న మన సంఘాలన్ని తిరిగి జెప్పింది గూడ అబద్ధమేనా?"

అందరూ అతని వైపు చూశారు. అతను తల వంచుకొని గోరుతో బెంచీ అంచు గీకుతున్నాడు. ఒక్క మాట అంటే చాలు. అక్క చెప్పింది నిజం, నేను ముందు రాసింది అదే, అంటే చాలు. అతనికి చేతకాలేదు. పది పన్నెండు సంఘాల ముందు నిలబడి చెప్పిన మనిషి మాటను ఈ ఒక్క సంఘం ముందు ఎలా వెనక్కి తీసుకుంటాడు? ఆ మనిషిని ఆ మూలకు నెట్టింది నేను. అయినా సరే, ఆ క్షణంలో నాకు అతన్ని పట్టుకొని కుదపాలనిపించింది.

"సరే. పేరు తీసేద్దామనేటోళ్ళు చెయ్యెత్తున్రి" అన్నాడు సంఘపెద్ద.

చేతులు లేచాయి. ఆడవాళ్ళలోనూ లేచాయి, నిన్న మొన్నటి దాకా ఇళ్ళల్లో చాట ముందేసుకున్న చేతులే. అతని చెయ్యి లేవలేదు. లెక్క పెట్టడం ఆగిపోయింది. ఎవరూ అతన్ని ఏమీ అడగలేదు, ఊరికే ఎదురు చూశారు.

చివరి వరుసలోంచి అతని భార్య లేచింది.

"ఎత్తు" అన్నది. "నువ్వు ఎత్తకుంటే నీ సాక్ష్యం అబద్ధమైతది. నిన్ను ఆసామి ఉంచుకున్నది గా సాక్ష్యం జూసే. ఎత్తు."

అది నాకు తెలియదు. కొత్త ఆసామి శనివారాలు మానుకోనిస్తున్నది మంచితనంతోనే అనుకున్నాను, అలాగే రాశాను. పత్రిక వచ్చాక అతను దాన్ని దుకాణంలో పెట్టుకొని వచ్చేవాళ్ళకు చూపిస్తున్నాడట, మా దగ్గర దేవుని మనిషి పని చేస్తాడని. ఆ నాలుగు సాంచాలు కూడా ఇప్పుడు నా వాక్యం మీదే నడుస్తున్నాయి. అది ఆమెకు తెలుసు. లెక్క వేసుకొనే వచ్చింది.

అతను చెయ్యెత్తాడు. మోచేయి దాకా ఎత్తి దించేశాడు. దాన్నీ లెక్కించారు.

అప్పుడు పాస్టరుగారు లేచి, దూరం నుంచి వచ్చినదాన్ని గౌరవించాలనుకున్నారేమో, "ముగింపు ప్రార్థన మన పత్రిక అక్కగారు చేస్తరు" అన్నారు. అందరూ తలలు వంచారు. కళ్ళు మూసుకున్నారు. నా జీవితంలో ప్రార్థన చేయమంటే కాదన్నది లేదు. సందర్భానికి తగ్గ మాటలు నాకు వాటంతట అవే వచ్చేస్తాయి, ఏది చెప్పాలో ఏది వదిలేయాలో నాకు అలవాటు. ఆ రోజు కూడా వచ్చేశాయి, నాలుక మీదికి వచ్చి నిలబడ్డాయి. నాకు అసహ్యం వేసింది.

"నేను చెయ్యను" అన్నాను. సంచి తీసుకొని బయటికి వచ్చేశాను.

ఆమె అప్పటికే గుమ్మం బయట ఉంది. చెప్పుల గుంపులో తన చెప్పులు వెతుక్కుంటోంది. లోపల ఇంకెవరో ప్రార్థన మొదలుపెట్టారు. ఆమె చెయ్యి పట్టుకున్నాను. వేళ్ళ చివర్లు తంబాకు రంగులో ఉన్నాయి. నన్ను క్షమించమని అడుగుదామనుకున్నాను, అదీ అలవాటైన మాటే కదా అని ఆగిపోయాను. పత్రిక పని మానేస్తానని, ఇదంతా ఇంకెక్కడైనా మొత్తం రాస్తానని చెప్పాను.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకొని చెప్పులు వేసుకుంది. లోపలి నుంచి ఆమెన్ వినబడింది.

"నా పేరు పెట్టకు అక్కా. మా ఆయినది పెట్టకు, సాంచలు పోతయ్. ఊరి మనుషుల పేర్లు ఒక్కటి పెట్టకు" అన్నది. "బీడీలు మాత్రం తియ్యకు."